గుడ్లు సరే, పంజరాలు ఎన్ని?

సంపాదకుడు గారికి,

పురుగుమందు కలిసిన దాణా తిన్న కౌజు పిట్టల మీద పరీక్ష చేశారని మీరు వేసిన వార్త చదివాను. 'వందలాది గుడ్లను పరిశీలించగా హాని కనిపించలేదు' అని ఉంది. ఆ గుడ్లు ఎన్ని పంజరాలవో మాత్రం రాయలేదు. నగరంలోని ఒక ల్యాబ్‌లో 26 ఏళ్లు గుడ్ల ట్రేలు మోసినదాన్ని, నా కళ్లు ముందు ఆ అంకె కోసమే వెతికాయి.

మా దగ్గర జరిగిందొకటి చెప్తాను. మందు కలిపిన దాణా 12 పంజరాలకు, మామూలు దాణా 12 పంజరాలకు. పంజరానికో పెట్ట, పుంజు. పంజరానికి 40 గుడ్ల చొప్పున అటు 480, ఇటు 480 ఇంక్యుబేటర్‌లో పెట్టాం. మామూలు దాణా వైపు 48 గుడ్లు పిల్లలు కాలేదు. మందు వైపు 84. గుడ్డుకి గుడ్డు లెక్కేస్తే, మందు ప్రభావమేమీ లేకుండా ఇంత తేడా వచ్చే అవకాశం వెయ్యింట ఒకటి కూడా లేదు. మందు వల్లే హాని అని మా సారు రిపోర్ట్ రాసేశారు. దాన్ని టైపు చేయాల్సింది నేనే కాబట్టి రిజిస్టర్ తిరగేశాను. ఆ 84లో 40 ఒక్క పంజరానివే! దీపం ముందు పెట్టి చూస్తే అన్నీ ఉత్త గుడ్లు, రక్తనాళం జాడే లేదు. మిగతా 11 పంజరాల్లో 440కి 44, అంటే అక్కడా ఇక్కడా పదో వంతే.

ఆ పంజరంలోని జంట మందు వల్ల చెడిందో, ముందునుంచీ అంతేనో ఒక్క పంజరాన్ని చూసి చెప్పలేం. అలాగని దాన్ని తీసి పారేయడమూ తప్పే. ఒకే ఇంటి నలభై మంది వచ్చి సాక్ష్యం చెప్పినా అది ఒక ఇంటి మాటే కదా. అందుకే లెక్కకు పంజరమే ప్రమాణం. పోనీ పంజరాల శాతాలు తీసి సగటు వేద్దామంటే, అన్నిట్లో గుడ్లు సమానంగా లేనప్పుడు 3 గుడ్లకు 3 పిల్లలైన పంజరం 40కి 38 అయిన పంజరాన్ని దాటేస్తుంది. పంజరానికీ పంజరానికీ ఉండే తేడాను కూడా కలుపుకునే బీటా-బైనోమియల్ లాంటి గణాంక పద్ధతులు ఇందుకే ఉన్నాయి. అదేమీ బ్రహ్మవిద్య కాదు, ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోనే అయిపోతుంది.

మీ వార్తతో నా అసలు పేచీ వేరే. పంజరాలు నాలుగో ఐదో ఉంటే నిజంగా హాని జరిగినా లెక్కలో తేలకపోవచ్చు. 'తేడా తేలలేదు' అన్నది మీ హెడ్డింగ్‌లోకి వచ్చేసరికి 'హాని లేదు' అయిపోయింది. పరీక్ష ఎంత చిన్నదైతే మందు కంపెనీకి అంత లాభం.

లెక్క చూసిపెట్టే మనుషులు ఊళ్లో లేకపోలేదు. సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి పేరుతో గణిత, గణాంక సంస్థే ఉంది. దయచేసి మీ రిపోర్టరు చేత ఒక ఫోన్ చేయించి, ఆ పరీక్షలో పంజరాలు ఎన్నో, ఒక్కో పంజరంలో ఎన్ని గుడ్లు పిల్లలయ్యాయో కనుక్కుని వేయండి.

- రిటైరైన ల్యాబ్ అసిస్టెంట్, అత్తాపూర్, హైదరాబాద్