ఆకుపచ్చ చుక్క పక్కన ఇంకో గుర్తు

సంపాదక మహాశయులకు,

ఆ ఆహారం పర్యావరణానికి ఎంత భారమో చెప్పే గుర్తును ప్యాకెట్లపై వేసినా మనవాళ్లు చూడరని కొందరి వాదన. నేను ఒప్పుకోను. ఆకుపచ్చ చుక్క కోసం ప్యాకెట్ తిప్పి చూసేవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు? కరెంటు ఆదా ఎంతో చెప్పే, 2006లో వచ్చిన స్టార్ లేబుల్ చూసే కదా ఇవాళ ఫ్రిజ్ కొంటున్నాం! ఆ రెండూ ఒక్క చూపులో అర్థమవుతాయి. బ్రిటన్‌లో టెస్కో అనే సూపర్ మార్కెట్ సంస్థ సరుకుల కర్బన ఉద్గారాలను గ్రాముల లెక్కన ముద్రించి, 2012లో మానుకుంది. షాపులో నిలబడి గ్రాములు ఎవరు కూడతారు? 2021లో ఫ్రాన్స్‌లో వచ్చిన ఎకో-స్కోర్‌లో ఉండేది ఒక అక్షరం, ఒక రంగు. అది నయం.

మా బెంగళూరు సూపర్ మార్కెట్లలో కనిపించేవి 'నేచురల్', 'ఎకో ఫ్రెండ్లీ' లాంటి మాటలే (ధర మాత్రం నిజంగానే ఎక్కువ). 'లోకల్' అంటే చాలు, మంచిదనుకుంటాం. నిజానికి చాలా పదార్థాల ఉద్గారాల్లో రవాణా వాటా చిన్నది. ఏం పండించారు, ఎలా పండించారన్నదే పెద్దది. నీళ్లు నిలిచిన వరి మడిలో భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. వానకే పండే రాగికి ఆ గొడవ లేదు. ఈ తేడా సోనా మసూరి బస్తా మీద కనిపిస్తే మనం అన్నం మానేయం, కానీ అప్పుడప్పుడు సంగటి వైపు చూస్తాం.

మారతహళ్లి, బీటీఎం పీజీ హాస్టళ్లలో ఉండే మన పిల్లలకు ప్యాకెట్టే కనబడదు, వండి పెట్టింది తింటారు. అక్కడ గుర్తు మెనూ బోర్డు మీద ఉండాలి.

పర్యావరణం పేరిట చేసే తప్పుడు ప్రచారంపై కేంద్రం 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇక రంగుల గుర్తు తేవాలి. ముందు బియ్యం, పాలు, నూనెలతో మొదలుపెట్టినా చాలు.

– ఒక పాఠకురాలు, బెంగళూరు