వానలు మొదలయ్యాక కూడా పిట్టల గురించి రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదరగానే పక్షులకు నీళ్లు పెట్టమని మీ పత్రికలో ఏటా రాస్తారు. మార్చి 20న పిచ్చుకల దినోత్సవానికి ఫొటోలు కూడా వేస్తారు. అది చదివే ఎనిమిదేళ్ల కిందట మా పెరట్లో గింజల పళ్లెం, నీళ్ల మూకుడు పెట్టాను. అందుకు మీకు ఎప్పుడూ కృతజ్ఞురాలినే. కానీ ఎండలు పోయాక ఏం చెయ్యాలో ఎక్కడా కనబడదు. అది తెలియక నా వల్ల జరిగిన తప్పు చెప్పుకోవాలనే ఈ ఉత్తరం.

రెండో ఏడాది వానాకాలం. వారం రోజులు వదలని ముసురు. పాపం ఈ వానలో వాటికి తిండెక్కడ దొరుకుతుందని, పాత గింజల మీదే రోజూ కొత్తవి పోస్తూ వచ్చాను. ఒకరోజు పొద్దున్నే ఒక ఆడ పిచ్చుక పళ్లెం అంచు మీద ఈకలు ఉబ్బించుకుని ఉండలా కూర్చుని ఉంది. నేను దగ్గరికి వెళ్లినా ఎగరలేదు. గింజను ముక్కుతో తీసుకుంటోంది, మింగలేక వదిలేస్తోంది. ముక్కు చుట్టూ తడి. మర్నాడు చూసేసరికి పళ్లెం కిందే పడి ఉంది. దాన్ని పాతిపెట్టి వచ్చి పళ్లెం బోర్లించాను. పైన సజ్జలు చూడ్డానికి బాగానే ఉన్నాయి. అడుగున మాత్రం రెట్టలతో కలిసి గడ్డకట్టి, ఆకుపచ్చ బూజు పట్టి, పులిసిన వాసన. రోజూ ప్రేమగా పోస్తున్నాననుకున్నదాని కింద ఉన్నది అదీ! ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

తర్వాత ఒక పశువైద్యుడిని అడిగి తెలుసుకున్నాను. పక్షుల గొంతులో చేరే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి, ఉమ్మి తగిలిన గింజల నుంచి, నీళ్ల నుంచి ఇంకో పిట్టకు అంటుకుంటుందట. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా రెట్టల ద్వారా వ్యాపిస్తుంది. బూజు ఊపిరితిత్తులకు చేటు. బ్రిటన్‌లో గ్రీన్‌ఫించ్ అనే పిట్టలు 2005 తర్వాత ఆ గొంతు జబ్బుతోనే భారీగా తగ్గిపోయాయని చదివి నాకు గుండె ఝల్లుమంది. విడివిడిగా తిరిగే పిట్టలన్నిటినీ ఒకే పళ్లెం దగ్గరికి పిలిచేది మనమే కదా.

అప్పటి నుంచి రెండు పళ్లాలు వాడుతున్నాను. ఒకటి వాడుకలో ఉంటే రెండోది కడిగి ఆరబెడతాను. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, అందులో కాసేపు నానబెట్టి, బాగా తొలిచి, పూర్తిగా ఆరాకే మళ్లీ గింజలు పోస్తాను. అవీ చీకటిపడేలోపు అయిపోయేన్నే. మిగిలితే పారేస్తాను, లేకపోతే ఎలుకలు చేరతాయి. నీరసంగా ఉబ్బిన పిట్ట ఒక్కటి కనబడినా రెండు వారాలు అన్నీ తీసేస్తాను. మొదటిసారి అలా తీసేసినప్పుడు అవి ఖాళీ చోటు మీద వాలి చూస్తుంటే చాలా బాధేసింది. అయినా పెట్టలేదు.

పిల్లలు పెట్టే కాలంలో ఇంకో సంగతి గమనించాను. పళ్లెం నిండా గింజలున్నా తల్లి పిచ్చుక వాటి జోలికి పోకుండా నిమ్మ మొక్క మీద ఆకు ఆకూ వెతుకుతోంది. ఒక ఆకు వెనక నుంచి పచ్చటి పురుగును లాగి, కొమ్మకేసి రెండుసార్లు కొట్టి, గోడ కంతలోకి తీసుకుపోయింది. అరగంటలో నాలుగుసార్లు వచ్చింది. పిచ్చుక పిల్లలకు మొదటి రోజుల్లో కావలసింది పురుగులే. ఆ నిమ్మ మొక్కకే నేను అంతకుముందు మందు కొట్టేదాన్ని! ఇప్పుడు మానేశాను. ఆకులకు చిల్లులు పడితే పడనీ. ఆ రోజుల్లో గింజలు తగ్గిస్తాను. వేరుశనగలు అసలు వెయ్యను, పలుకులు పిల్లల గొంతుకు అడ్డం పడతాయి. బ్రెడ్డు ఏ కాలంలోనూ పెట్టను. దానితో కడుపు నిండుతుందే గానీ బలం రాదు.

చలికాలంలో పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి పెడితే చాలు. పగలు తిన్నదాని కొవ్వుతోనే చిన్న పిట్ట రాత్రంతా ఒంట్లో వేడి నిలుపుకోవాలి, అందుకే నూనె గింజలు మంచివి. ఎండాకాలం నీళ్ల సంగతి మీరే రాస్తున్నారు. పక్షులకు చెమట పట్టదు, ముక్కు తెరిచి రొప్పడమే వాటి దారి. మూకుడులో నీళ్ల లోతు 5 సెంటీమీటర్లు మించకూడదని, మధ్యలో ఒక రాయి వెయ్యాలని, రోజూ మార్చాలని కూడా దయచేసి చేర్చండి.

మీ మాట విని ఎంతోమంది నాలాగే గిన్నెలు పెడుతున్నారు. వాళ్లలో చాలామంది పెట్టాక కడగాలని అనుకోరు, నేనూ అనుకోలేదు. కాలం మారినప్పుడల్లా ఒక చిన్న పెట్టెలో నాలుగు ముక్కలు వెయ్యండి. ముఖ్యంగా తొలకరి పడిన వారంలో తప్పకుండా వెయ్యండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు