మన చిత్రకళా సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒప్పుకున్న మూడు పనుల్లో రెండు జరిగాయి. జరగనిది వేసవి బొమ్మల శిబిరం. హాలు కోసం మూడు నెలల ముందే అర్జీ పెట్టాం. వెళ్లినప్పుడల్లా పై అధికారి సెలవులో ఉన్నారన్నారు. బడులు తెరిచిన వారానికి అనుమతి పత్రం వచ్చింది. దస్త్రంలో ఉంది, చూడదలచినవారు చూడవచ్చు.

విశ్వవిద్యాలయ యువజనోత్సవంలో చిత్రలేఖనం పోటీకి వెళ్లే డిగ్రీ విద్యార్థులకు ఆదివారాల తర్ఫీదు మాత్రం ఆగలేదు. 22 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు కాగితం, రెండున్నర గంటల సమయం, అక్కడికక్కడ చెప్పే అంశం. మన పిల్లలు గంటన్నర పెన్సిలుతోనే గడిపేస్తారు. పైగా గోదావరి గాలికి వానాకాలంలో నీటిరంగు ఒక పట్టాన ఆరదు. ముందు ఆకాశం పూసి, అది ఆరేలోపు కింది మూల పని చూసుకోవాలని మన విశ్రాంత డ్రాయింగు మాస్టారు గడియారం చేతపట్టుకుని నేర్పించారు. ఒక్క ఆదివారమూ మానని ఆయనకు సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగింది ఫిబ్రవరి 6 సాయంత్రం. చిత్రకారుడు దామెర్ల రామారావు కన్నుమూసి ఆనాటికి సరిగ్గా నూరేళ్లు. 1897లో రాజమండ్రిలో పుట్టి, ఇక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చదివి, 1922 కలకత్తా ప్రదర్శనలో ‘ఋష్యశృంగ బంధనం’ చిత్రానికి వైస్రాయి బహుమతి తెచ్చుకుని, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయిన మనిషి. ఆయన బహుమతి నుంచి మొదలుపెట్టి మన కళాశాలల పోటీల దాకా చరిత్ర చెప్పే ఒక ప్రదర్శన గోడ కట్టాం. 1954లో ఢిల్లీలో జరిగిన తొలి అంతర విశ్వవిద్యాలయ యువజనోత్సవం, 1980లలో ఆ బాధ్యతను భారత విశ్వవిద్యాలయాల సంఘం చేపట్టడం, కళాశాల నుంచి విశ్వవిద్యాలయానికి, అక్కడి నుంచి జోన్ స్థాయికి, జాతీయ స్థాయికి సాగే వడపోత, అన్నీ ఆ గోడమీద ఉన్నాయి.

లేనివి బొమ్మలే. పాత విజేతలను ఒక్కొక్కరినే వెతికి అడిగాం. ప్రశంసాపత్రాలు లామినేషన్ చేయించి దాచుకున్నారు. గెలిచిన బొమ్మ ఎక్కడుందంటే పోటీ రోజున అక్కడే ఇచ్చేశామన్నారు. న్యాయనిర్ణేతలు ఏది చూసి మార్కులు వేశారో తెలిపే కాగితమూ ఎవరి దగ్గరా లేదు. రామారావు చిత్రాలు నేటికీ మనం చూస్తున్నామంటే ఆయన తరువాత వరదా వెంకటరత్నం వంటి మిత్రులు వాటిని కాపాడబట్టే. మన పిల్లల బొమ్మలకు అలాంటి మిత్రుడు లేడు. అందుకే గోడమీద కొన్ని చట్రాలు ఖాళీగానే వేలాడదీశాం. అవి చూసి ఒక పూర్వ విజేత చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఆ సాయంత్రం నాకు గుర్తున్నది అదే. ఉపన్యాసం కాస్త సాగిందన్న ఫిర్యాదు కూడా అందింది, ఒప్పుకుంటాను.

ఆ గోడ కట్టడానికి పేర్లు రాసిచ్చినవారు పన్నెండుమంది. మేకులు కొట్టడానికి వచ్చినవారు ముగ్గురు. మిగతావారు ఫొటోల సమయానికి వచ్చారు. ఇంతకు మించి రాయను.

జమాఖర్చుల పట్టిక చివరి పుటలో ఉంది. ఆడిటరు గారు సంతకం చేశారు. టీ ఖర్చు గురించి కోశాధికారి గారినే అడగండి.

చట్రాలు ఉచితంగా చేసిచ్చిన వడ్రంగి గారికి, మైకు అరువిచ్చిన దుకాణదారుకు, పాత పత్రాలు వెతికి తీసిన గ్రంథాలయ సిబ్బందికి, అటుకుల ఉప్మా పంపిన మహిళా సభ్యులకు, పేరు రాయవద్దన్న దాతకు కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోతే అది నా పొరపాటే.

వచ్చే పోటీలో ప్రతి బొమ్మనూ నిర్వాహకులకు అప్పగించకముందే ఫొటో తీయాలని కార్యవర్గం తీర్మానించింది. అందుకు నలుగురు కావాలి. జాబితా కాగితం గుమ్మం పక్కన బల్లమీద పెట్టాను. ఈసారి పేరుతోపాటు ఏ తేదీన వస్తారో కూడా రాయండి.

కార్యదర్శి