శీనుకి, సైకిలు కొనబోయే ముందు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. "పదహారేళ్ల తర్వాత మళ్లీ సైకిలెక్కుతున్నా, మౌంటెన్ బైకే కావాలి, 45 వేలు దాటను, ఏది కొనమంటావ్" అని ఒక్క ముక్కలో అడిగేసి ఊరుకున్నావు. ఒక్క ముక్కలో చెప్పగలిగే సంగతి కాదిది. టీ పెట్టుకుని కూర్చో.

ముందు ఒకటి తేల్చుకో. హైదరాబాదు నార్సింగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు 2023లో తెరిచారు కదా. పొద్దున్నే అక్కడ రెండు చక్కర్లు కొట్టి ఇంటికి రావడమే నీ ఉద్దేశమైతే మౌంటెన్ బైకు దండగ. ముందు షాక్ లేని హైబ్రిడ్ సైకిలు (రోడ్డుకీ మామూలు దారికీ పనికొచ్చేది) అదే డబ్బుకి రెండు మూడు కిలోలు తక్కువ బరువుంటుంది, సుఖంగా పోతుంది. కానీ ఆదివారాలు అనంతగిరి కొండల్లో మట్టి బాటలు, గండిపేట చుట్టుపక్కల రాళ్ల దారులు అని రాశావు కాబట్టి నీకు హార్డ్‌టెయిలే సరి. షాక్ ముందు ఫోర్కులోనే, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగంలోనే ఉంటుంది, వెనక ఏమీ ఉండదు. పదిహేను వేలకే రెండు వైపులా షాకులతో ఎర్రగా మెరుస్తూ ఒకటి ఎదురొస్తుంది చూడు, దాని జోలికి పోకు. నువ్వు తొక్కిన ప్రతి తొక్కుకీ వెనక స్ప్రింగు కుంగి కొంత బలం అదే మింగేస్తుంది. కీళ్ల దగ్గర బుష్షులు అరిగితే వెనక భాగమంతా లొడలొడలాడుతుంది.

షాపులోకి వెళ్లగానే అందరూ ముందు ఫోర్కు నొక్కి చూస్తారు. నువ్వు మాత్రం వెనక చక్రం దగ్గర కూర్చో. 84 కిలోలున్నానన్నావు, కాబట్టి నీకు అన్నిటికన్నా ముఖ్యం అదే. వెనక పళ్ల చక్రాలు బిగించే పద్ధతులు రెండు. చవక సైకిళ్లలో ఫ్రీవీల్ ఉంటుంది. పళ్ల చక్రాలు, కటకటలాడే యంత్రం అన్నీ ఒకే ముద్దగా హబ్బు (చక్రం నడిమి బొడ్డు) మీద మరలాగా బిగుస్తాయి. దాంతో కుడి వైపు బేరింగు ఆ ముద్దకి లోపలి పక్కనే, హబ్బులోనే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి ఫ్రేము దాకా ఇరుసు ఆధారం లేకుండా వేలాడుతుంది. 10 మిల్లీమీటర్ల ఇరుసు, దాని మీద నీ బరువు, పైగా చైను లాగుడు. గుంతల్లో దిగీ దిగీ అది వంగొచ్చు, ఇంకొన్నాళ్లకి విరగొచ్చు కూడా. క్యాసెట్ పద్ధతిలో కటకట యంత్రం హబ్బులోనే భాగం. కుడి బేరింగు దాని చివరి దాకా, ఫ్రేముకి దగ్గరగా వచ్చి కూర్చుంటుంది కాబట్టి ఇరుసుకి ఆ బాధ లేదు.

ఏది ఏదో కనిపెట్టడం తేలికే. వెనక చక్రం కొద్దిగా పైకెత్తి పెడల్ని వెనక్కి తిప్పు. అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రం నడిమధ్యలో పానా దూరడానికి గాట్లున్న రింగు కనిపిస్తుంది. పళ్లతో పాటు ఆ రింగూ తిరిగితే క్యాసెట్టు. పళ్లు మాత్రమే తిరిగి రింగు కదలకపోతే ఫ్రీవీలు. అదీ కుదరకపోతే చిన్న చక్రానికి పళ్లు లెక్కపెట్టు. 11 ఉంటే క్యాసెట్టే అనుకో, 14 ఉంటే ఫ్రీవీలు అయ్యే అవకాశమే ఎక్కువ. వెనక 7 గేర్లుండే షిమానో కంపెనీ టోర్నీ అనే చవక సరుకు ఎక్కువగా ఈ రెండో బాపతు. 8, 9 గేర్ల దగ్గర క్యాసెట్టు మామూలు. అయినా పెట్టె మీద రాతని నమ్మకు, తిప్పి చూసే నమ్ము.

గేర్ల మాట వచ్చింది కదా, "21 గేర్లు సార్" అని షాపువాడు ఊదరగొడతాడు. గేర్లెన్నో మనకనవసరం, అన్నిటికన్నా తేలిక గేరు ఎంతన్నదే లెక్క. పెడళ్ల దగ్గరుండే ముందు పళ్ల చక్రాల్లో చిన్నదాని పళ్లని వెనక పెద్ద పళ్ల చక్రం పళ్లతో భాగించు. 21 గేర్ల సైకిల్లో ముందు 24, వెనక 28 ఉంటే 0.86. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం 0.86 చుట్టు. 29 అంగుళాల చక్రానికి చుట్టుకొలత దాదాపు 2.3 మీటర్లు కాబట్టి నిమిషానికి 60 తొక్కులు తొక్కితే గంటకి 7 కిలోమీటర్లు. ఇన్నేళ్ల తర్వాత సైకిలెక్కిన మనిషి అనంతగిరి ఎక్కుడులో 7 పట్టి ఉంచడం కష్టంరా, దిగి తోసుకుంటావు. అదే ముందు రెండే పళ్ల చక్రాలు, ఒకటి 36, ఒకటి 22 పళ్లది, వెనక 36 దాకా ఉన్న 18 గేర్ల సైకిలైతే 0.61. గంటకి 5 కిలోమీటర్లతో కూడా కాళ్లు నిలకడగా ఆడతాయి. ముందు ఒకే చక్రం, 30 లేదా 32 పళ్లు, వెనక 11 నుంచి 42 దాకా ఉన్నదైతే 0.71కీ 0.76కీ మధ్య వస్తుంది. దీనికి ముందు గేరు మార్చే పీకులాట లేదు, చైను పడిపోవడం తక్కువ. మైక్రోషిఫ్ట్ వాళ్ల అడ్వెంట్ అనే 9 గేర్ల సెట్టు ఇలాంటిదే, అందులో చైనుని బిగువుగా పట్టే క్లచ్ ఉన్న డీరైలర్ (గేరు మార్చే యంత్రం) దొరుకుతుంది కూడా, గతుకుల్లో చైను ఎగిరి ఫ్రేముని కొట్టదు. నా ఓటు దీనికే. మోకాళ్లు మరీ మొరాయిస్తే 22-36 తీసుకో.

ఇప్పుడు ఫోర్కు. నీ బడ్జెట్లో వచ్చేవన్నీ దాదాపు స్టీలు స్ప్రింగువే. సన్‌టూర్ ఎక్స్‌సీటీ, ఎక్స్‌సీఎం లాంటివి ఉంటాయి. ఎక్స్‌సీటీ జారుడు గొట్టాలు 28 మిల్లీమీటర్లు, గట్టిగా బ్రేకేస్తే వెనక్కి వంగడం కంటికి తెలుస్తుంది. ఎక్స్‌సీఎం 30, 32 మిల్లీమీటర్లలో ఉంటుంది, అది నయం. లోపలి స్ప్రింగు మధ్యస్థం బరువు మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసింది, నీ బరువుకి మెత్తనవుతుంది. పైనున్న ప్రీలోడ్ మర తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందంటారు, అది వట్టి మాట. కూర్చున్నప్పుడు కుంగేది కాస్త తగ్గుతుందంతే. షాపులో బ్రేకు పట్టుకుని హ్యాండిల్ని బలంగా కిందికి నొక్కి ఒక్కసారి వదిలెయ్. బంతిలా ఎగిరి పైన టక్‌మని కొట్టుకుందా, అందులో రీబౌండ్ డ్యాంపింగ్ (పైకి లేవడాన్ని నెమ్మదించేది) లేదు, వట్టి స్ప్రింగు. రాళ్ల దిగుడులో అది చేతుల్ని విదిలించేస్తుంది. నెమ్మదిగా లేస్తే, కింద రీబౌండ్ తిప్పే మర కూడా ఉంటే, తీసుకోదగ్గదే. గాలి ఫోర్కైతే బరువుకి తగ్గట్టు షాక్ పంపుతో గాలి కొట్టుకోవచ్చు. 100 మిల్లీమీటర్ల ఫోర్కు నువ్వు ఎక్కి కూర్చుంటే 20 నుంచి 25 కుంగాలి, అదీ లెక్క. కాకపోతే కొత్త సైకిల్లో గాలి ఫోర్కు నీ 45 వేలకి దొరకడం అరుదు.

దొరకదని దిగులు పడకు. ఫోర్కు తర్వాతైనా మార్చుకోవచ్చు, ఫ్రేము మార్చలేం. అందుకే ఇప్పుడు చూడాల్సింది ఫ్రేము ముందు గొట్టం, హ్యాండిలు కింద ఉండేది. పైనా కిందా ఒకే లావుంటే పాత రకం. పైన సన్నగా, కింద లావుగా ఉంటే టేపర్డ్. ఇప్పుడొచ్చే మంచి గాలి ఫోర్కుల్లో ఎక్కువ భాగం టేపర్డ్ కాడతోనే వస్తాయి. రెండేళ్ల తర్వాత రాక్‌షాక్స్ జూడీయో సన్‌టూర్ ఎక్స్‌సీఆర్ ఎయిరో వేయించుకోవాలనిపిస్తే ఆ లావు గొట్టం ఉన్నవాడికి పని సులువు. ఫోర్కు మామూలుదైనా టేపర్డ్ ఫ్రేము, క్యాసెట్టు చక్రం, నూనె బ్రేకులు ఉన్న సైకిలుకి నేను మార్కులేస్తా. ఫోర్కు బాగుండి ఈ మూడూ లేనిదానికి వెయ్యను.

బ్రేకుల గురించి ఎక్కువ చెప్పను, హైడ్రాలిక్ డిస్కు, అదే నూనె బ్రేకు, తీసుకో, అంతే. కేబులు డిస్కుల్లో చవకవాటికి ఒక పక్క ప్యాడే కదులుతుంది, డిస్కుని వంచి రెండో ప్యాడుకి ఆనిస్తుంది, అరిగేకొద్దీ చేత్తో సర్దుతూ ఉండాలి. టెక్ట్రో ఎం275, షిమానో ఎంటీ200 లాంటివి మినరల్ ఆయిల్‌తో నడుస్తాయి, నీ పనికి చాలు. ముందు డిస్కు 180 మిల్లీమీటర్లదైతే నీ బరువుకి ఇంకా మేలు. కొన్న రోజే ఖాళీ రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగం దాకా, పూర్తిగా ఆపకుండా, ఒక్కో బ్రేకు ఇరవై సార్లు పట్టు. ప్యాడు పొర డిస్కుకి పట్టి అప్పుడే అసలు పట్టు వస్తుంది. చైనుకి స్ప్రే కొట్టేటప్పుడు డిస్కుకి గుడ్డ కప్పు. ఒక్క చుక్క నూనె పడ్డా బ్రేకు కీచుమంటుంది, ఆగదు. చక్రం ఊడదీసి ఉన్నప్పుడు లివరు నొక్కకు, పిస్టన్లు దగ్గరైపోయి చక్రం మళ్లీ దూరదు.

సైజు దగ్గర మొహమాటపడొద్దు. నువ్వు 5 అడుగుల 9 అంగుళాలు. చాలా కంపెనీల్లో అది ఎంకీ ఎల్‌కీ మధ్య పడుతుంది. "సీటు పైకి లేపితే సరిపోతుంది సార్" అని స్టాకులో ఉన్న ఎస్ అంటగడతారు. సీటు లేస్తుంది, ఫ్రేము పొడుగు పెరగదుగా. బూట్లతో ఫ్రేము మీద అటూ ఇటూ కాళ్లేసి నిలబడితే పై గొట్టానికీ నీకూ మధ్య కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలి. రెండు సైజులూ తొక్కి చూడు. చక్రం 29 అంగుళాలదే తీసుకో, గుంతల మీద దొర్లిపోతుంది. సీటు ఎత్తుకి ఒక లెక్కుంది. గోడకానుకుని నిలబడి కాళ్ల సందులో పుస్తకం గట్టిగా పైకి నొక్కి నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలువు. అది 80 సెంటీమీటర్లైతే 0.883తో గుణిస్తే 70.6. క్రాంకు (పెడలు బిగించే చేయి) తిరిగే ఇరుసు నడిమధ్య నుంచి సీటు పైభాగం దాకా అంత ఉండాలి. అడ్డతొక్కుడు నేర్చిన మనవాళ్లందరికీ సీటు కిందికి పెట్టుకునే అలవాటు. దాంతో మోకాళ్ల ముందు భాగం నొప్పెడుతుంది, నింద సైకిలు మీద పడుతుంది.

ఏ కంపెనీ అంటే రాక్‌రైడర్, ఫైర్‌ఫాక్స్, పాలిగాన్ చూడు. ట్రెక్ మార్లిన్, జయంట్ టాలన్, స్కాట్ ఆస్పెక్ట్ పాత మోడళ్లు తగ్గింపులో ఉన్నాయేమో అడుగు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, పాత ధర చీటీ ఉన్న సరుకైతే ఆ తేడా అడిగి తగ్గించుకో. సెకండ్‌హ్యాండ్ అయినా నాకు అభ్యంతరం లేదు. 2020లో ఎగబడి కొని బాల్కనీలో బట్టలారేసుకున్న సైకిళ్లు బోలెడు. స్కేలు తీసుకెళ్లి చైను మీద 24 లింకులు పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకి కొలువు. కొత్త చైను 304.8 మిల్లీమీటర్లు. 306.3 దాటితే చైను మార్చాలి, 308కి వచ్చిందంటే క్యాసెట్టూ పోయినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమను. ముందు గొట్టానికి కింద గొట్టం అతికిన చోట రంగు మీద వెంట్రుకంత గీత కనిపించిందా, దండం పెట్టి వచ్చెయ్.

ఆన్‌లైన్లో కొంటే సగం బిగించి పంపుతారు. ఫోర్కు వెనక్కి తిప్పి బిగించడం అక్కడ మామూలు తప్పు. ముందు డిస్కుని పట్టే బ్రేకు ముక్క, క్యాలిపర్ అంటారు, అది ఎడమ పక్క, ఫోర్కు కాలి వెనక ఉండాలి. ముందు వైపుందంటే ఫోర్కు తిరగబడింది. ఎడమ పెడలుకి మర ఎదురు, గడియారానికి వ్యతిరేకంగా బిగుస్తుంది. తెలియక బలవంతంగా తిప్పితే అల్యూమినియం క్రాంకు మర తెగిపోతుంది. తొలి 100 కిలోమీటర్లకి క్రాంకు బోల్టులు, చక్రాల పుల్లలు, కేబుళ్లు ఒకసారి బిగించుకో. క్రాంకు వదులుగా ఉండగా తొక్కితే దాని నలుచదరపు రంధ్రం గుండ్రమైపోతుంది, తర్వాత ఎంత బిగించినా నిలవదు.

45 వేలూ సైకిలుకే తగలెయ్యకు. ఐదు వేలు పక్కన పెట్టు: హెల్మెట్టు, కొలత ఉన్న ఫ్లోర్ పంపు, రెండు స్పేరు ట్యూబులు, టైరు లివర్లు, అలెన్ కీలు. షాపువాళ్లు గాలి 60 పీఎస్ఐ దాకా కొట్టేసి పంపుతారు, మట్టిలో అది రాయిలా ఎగురుతుంది. నీ బరువుకి 2.25 టైర్లైతే మట్టిలో ముందు 28-30, వెనక 32-35తో మొదలుపెట్టు, రోడ్డు మీద 40. ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడ్డాయంటే గాలి తక్కువై రిమ్ము కొరికిందని అర్థం. ఒకే చిల్లైతే పల్లేరుకాయో తుమ్మముల్లో. వేసవిలో ఆ మట్టి దారుల పక్కన పల్లేర్లకి కొదవలేదు, ఒక్క రోజులో నాలుగు పంక్చర్లు చేయగలవు. ట్యూబులోనే సీలెంట్ (చిల్లుల్ని పూడ్చే ద్రవం) పోయించుకో, కాకపోతే మన ఎండలకి నాలుగైదు నెలల్లో ఎండిపోతుంది, మళ్లీ పోయాలి.

పుస్తకంతో కొలిచిన ఆ కాలి కొలత నాకు రాసి పంపు. నువ్వు చూసిన సైకిలు వెనక చక్రం పళ్లు దగ్గరగా కనిపించేలా ఒక ఫోటో కూడా పంపు. అవి చూశాక చెప్తా కొనాలో వద్దో. ఈలోపు అడ్వాన్సు ఇచ్చి రాకు.

నీ
రఘు