వైన్ కానుకగా ఇస్తున్నారా? ముందు ఆ ఇంటి వంట సంగతి చూడండి

సంపాదకులకు,

డిసెంబరులో విందు పిలుపులు మొదలవగానే నగరాల్లో చాలామంది స్వీటు డబ్బాకు బదులు వైన్ బాటిల్ పట్టుకెళ్తున్నారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఎక్కువమంది చెయ్యి పోయేది దుకాణంలోని ఖరీదైన, చిక్కటి ఎర్ర వైన్ మీదికే. తెలుగు భోజనం పక్కన నప్పనిది సరిగ్గా అదే.

దీనికి కారణం కారం. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ పుట్టించే మంటను ఆల్కహాల్ ఇంకా ఎగదోస్తుంది. 14 శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్‌లైన షిరాజ్‌నో కాబర్నే సావిన్యోన్‌నో నాటుకోడి పులుసుతో తాగి చూడండి, మంటే తప్ప రుచి తెలియదు. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి ఎర్ర వైన్‌లోకి దిగే టానిన్ వగరుగా ఉంటుంది. కారానికి మండుతున్న నోటికి ఆ వగరు మరీ గరుకుగా తగులుతుంది. చేపల పులుసుతో ఇంకో చిక్కుంది. వైన్‌లో ఇనుము కాస్త ఎక్కువగా ఉంటే అది చేపనూనెతో కలిసి నోట్లో నీచు మిగులుస్తుంది. ఇనుము సాధారణంగా ఎర్ర వైన్‌లోనే ఎక్కువ.

కారం గట్టిగా తినే ఇంటికైతే ఆల్కహాల్ 11 నుంచి 12.5 శాతం మధ్య ఉండి, కొద్దిగా తీపి, దానికి తగ్గ పులుపు ఉన్న తెల్ల వైన్ తీసుకెళ్లండి. చెనిన్ బ్లాంక్, రీస్లింగ్ రకాలు ఇందుకు బాగా పనికొస్తాయి. నాసిక్ ప్రాంతపు చెనిన్ బ్లాంక్ మన దుకాణాల్లో తేలిగ్గానే దొరుకుతుంది, ఫ్రాన్స్ బాటిల్ కోసం వెతకనక్కర్లేదు. పులిహోర, గోంగూర ఉంటే పులుపు చూసుకోవాలి. వంట కంటే వైన్ పులుపు తక్కువైతే వైన్ చప్పబడిపోతుంది, కాబట్టి అక్కడ పులుపెక్కువ ఉండే తెల్ల వైన్ సావిన్యోన్ బ్లాంక్ మేలు. బిర్యానీకి చల్లబరిచిన ‘రోజే’ (గులాబీ రంగు) వైన్ బాగుంటుంది. వడలు, బజ్జీలు, చేప వేపుడు లాంటి నూనె వంటకాలకు బుడగలొచ్చే స్పార్క్లింగ్ వైన్‌ను మించింది లేదు. అరిసెలు, సున్నుండలతో మాత్రం అదే వైన్ పుల్లగా అనిపిస్తుంది. తీపి వంటకం కంటే వైన్ తియ్యగా ఉండాలి. లేట్ హార్వెస్ట్ (ఆలస్యంగా కోసిన ద్రాక్షతో చేసే తీపి వైన్) పేరుతో 375 మి.లీ. చిన్న బాటిళ్లు వస్తాయి, పిండివంటలకు అవి చాలు.

స్పార్క్లింగ్ లేబుల్ మీది మాటలు చాలామందిని పక్కదారి పట్టిస్తాయి. ‘బ్రూట్’ అంటే లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర. ‘ఎక్స్‌ట్రా డ్రై’ అంటే 12 నుంచి 17 గ్రాములు, అంటే బ్రూట్ కంటే తియ్యన. ‘డెమి సెక్’లో 32 నుంచి 50 గ్రాముల దాకా ఉంటుంది. ఇక ‘ఆరోగ్యానికి మంచిది’ అనుకుంటూ ఇచ్చిపుచ్చుకునే చవక పోర్ట్ వైన్ సంగతి. అసలు పోర్ట్ పోర్చుగల్‌లోని డౌరో లోయది. పులుస్తుండగానే ద్రాక్ష స్పిరిట్ కలిపి ఆల్కహాల్ 20 శాతం దగ్గరికి తెస్తారు. మన దగ్గర ఆ పేరుతో దొరికే చవక బాటిళ్లలో చాలావాటికి దానితో పేరులోనే పోలిక. ఆరోగ్యం మాటకొస్తే రెండూ ఔషధాలు కావు.

కొనేటప్పుడు అరలో నిలబెట్టిన బాటిల్‌ను చేతిలోకి తీసుకుని వెలుతురులో చూడండి. కార్కు మూతి పైకి పొంగినా, రేకు కింద జిగురు కారినా, మెడ దగ్గర వైన్ మట్టం దిగినా అది వేడికి ఉడికిన సరుకు. వద్దనండి. తెల్ల వైన్, రోజే కొనేటప్పుడు ద్రాక్ష కోసిన సంవత్సరం చూడండి. మన దేశంలో కోత దాదాపు జనవరి నుంచి మార్చి లోపే అవుతుంది కాబట్టి గత ఏడాది, రెండేళ్ల సరుకు తాజాగా ఉంటుంది. మామూలు ధరల్లో దొరికే తెల్ల వైన్‌లు దాచేకొద్దీ బాగుపడేవి కావు. కొన్న బాటిల్‌ను ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే ఆ జాగ్రత్తంతా దండగ.

తెలుగు ఇళ్లలో కార్కు స్క్రూ ఉండటం అరుదు. చాకుతో కార్కు తవ్వి, పొడిని వైన్‌లో రాల్చుకోవడం ఎవరికి సరదా? తిప్పితే వచ్చే మూత ఉన్నదే తీసుకోండి, దానివల్ల నాణ్యత తగ్గదు. కార్కుదే కావాలంటే స్క్రూ కూడా కలిపి ఇవ్వండి. మరో మర్యాద ఉంది. చల్లబరిచి పట్టుకెళ్తే ‘ఇప్పుడే తెరవండి’ అన్నట్టే. అలా అనుకుంటే ముందే ఫోన్ చేసి చెప్పాలి. లేదంటే మామూలుగా ఇచ్చి, ఎప్పుడు తెరుస్తారో వాళ్లకే వదిలెయ్యాలి. తెల్ల వైన్ చల్లబడటానికి ఫ్రిజ్‌లో రెండున్నర, మూడు గంటలు పడుతుంది. బకెట్‌లో సగం నీళ్లు, సగం ఐసు వేసి మెడ దాకా ముంచితే 20, 25 నిమిషాలు చాలు. ఒట్టి ఐసైతే ముక్కల మధ్య గాలి ఉండిపోయి ఆలస్యమవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే వైన్ గడ్డకట్టి ఉబ్బి కార్కును తోసేస్తుంది, స్పార్క్లింగ్ బాటిలైతే పగలొచ్చు కూడా.

ఇంటి సంగతులూ అంతే ముఖ్యం. కార్తీక మాసం, అయ్యప్ప దీక్ష, వ్రతం ఉన్న ఇంటికి బాటిల్ తీసుకెళ్లొద్దు. తాగేవాళ్ల ఇల్లే అయినా అత్తమామల ముందు బల్ల మీద పెట్టకుండా గుడ్డ సంచిలో పెట్టి పిలిచినవాళ్ల చేతికే ఇవ్వండి. కొన్ని వైన్‌లను తేటపరచడానికి గుడ్డు తెల్లసొన, చేప తిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. నిష్ఠగా శాకాహారం పాటించేవారికి లేబుల్ మీద ‘వీగన్’ (జంతు పదార్థాలు వాడనిది) అని ఉన్నదే ఇవ్వండి. ఒక రాష్ట్రంలో కొన్న మద్యం మరో రాష్ట్రంలోకి తీసుకెళ్లడానికి ఎక్సైజ్ ఆంక్షలుంటాయి, విజయవాడలో విందుంటే అక్కడే కొనుక్కోవడం మేలు. విదేశాల నుంచి వచ్చేవారికి సుంకం లేకుండా అనుమతించేది 2 లీటర్లు. 750 మి.లీ. బాటిళ్లు రెండే ఆ లెక్కలో పడతాయి, మూడోది తెస్తే 250 మి.లీ. ఎక్కువవుతుంది.

దుకాణదారులకూ ఒక విన్నపం. తెల్ల వైన్, స్పార్క్లింగ్ బాటిళ్లను వీధి వైపు అద్దాల్లో ఎండకు అలంకరించకుండా బీరు ఫ్రిజ్‌లో ఒక అర వాటికి కేటాయించండి. కోత సంవత్సరం కనబడేలా లేబుల్‌ను ముందుకు తిప్పి పెట్టండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్