ప్లేట్‌లెట్లు పడిపోయాయని పంపేయడమేనా?

సంపాదకులకు నమస్కారం.

జీర్ణాశయ క్యాన్సర్ ఎముకల మూలుగలోకి పాకితే నడుము నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపిస్తాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు (రక్తస్రావాన్ని ఆపే కణాలు) కనీసం లక్షన్నర ఉండాల్సిన చోట 20 వేలే ఉండొచ్చు. ‘ఈ కౌంటుతో కీమో ఇవ్వలేం, ఇంటికి తీసుకువెళ్లండి’ అంటారు. మా బావగారి విషయంలో మేమూ ఈ మాటే విన్నాం.

నిజానికి ఆ కౌంటు పడిపోవడానికి కారణం చాలాసార్లు క్యాన్సరే. కణితి కణాలు మూలుగలో చోటు ఆక్రమిస్తాయి. పైగా సన్నని రక్తనాళాల్లో రక్తం గడ్డలు కడుతూ ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతుంటాయి. అందుకే ఎక్కించినవీ నిలవవు. అనుభవమున్న ఆంకాలజిస్టులు (క్యాన్సర్ వైద్యులు) కొందరు రోగులకు రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూనే తగ్గించిన మోతాదులో కీమో మొదలుపెడతారు. మందు పనిచేస్తే కౌంటు పెరుగుతుంది. ఈ చికిత్స అందరికీ కాదు, మంచం దిగలేని మనిషికి అది హింసే. నయమవుతుందనేవారిని నమ్మనక్కర లేదు, దక్కేవి సాధారణంగా నెలలే. చికిత్స లేకపోతే చాలామందికి మిగిలేవి వారాలు కనుక, ఆ నిర్ణయం వెంటనే, తెలిసినవారే తీసుకోవాలి.

2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ ఉచిత చికిత్స పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. సంతోషమే. కానీ ప్లేట్‌లెట్ల సంచి మామూలుగా అయిదు రోజులకు మించి నిలవదు. అదీ 20-24 డిగ్రీల వద్ద ఆపకుండా కదుపుతూ ఉంచాలి. రక్తాన్ని భాగాలుగా విడదీసే సదుపాయం దగ్గర లేనప్పుడు ఆ రాత్రికి కార్డు ఏం చేస్తుంది?

కణితి కణాల మీద హెర్-2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉందేమో చూసే పరీక్ష కూడా మా బావగారికి ఎవరూ రాయలేదు. జీర్ణాశయ క్యాన్సర్లలో సుమారు 15-20 శాతం ఆ పరీక్షలో పాజిటివ్‌గా తేలతాయి. అలాంటివారికి కీమోతో, ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు కలిపితే ఆయుష్షు కొంత పెరుగుతుందని 2010లోనే రుజువైంది. 2014 నుంచి మన దేశంలో దాని బయోసిమిలర్ (అసలు మందుకు దీటుగా వేరే కంపెనీ చేసిన మందు) దొరుకుతోంది. ఈ పరీక్షను మొదటి బయాప్సీలో కణితి నుంచి తీసిన ముక్క మీదే, పథకం ఖర్చుతో తప్పనిసరి చేయాలి. కౌంటు పడిన రోగిని పంపేసే ముందు జిల్లా వైద్యుడు హైదరాబాద్ ఎంఎన్‌జే వంటి క్యాన్సర్ ఆసుపత్రి ఆంకాలజిస్టుతో అదే రోజు ఫోనులో మాట్లాడే ఏర్పాటు ఉండాలి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు.

కీమో వద్దనుకున్నా నొప్పి ఆగదు కదా. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి ఆసుపత్రులకు తీవ్రమైన నొప్పిని తగ్గించే మార్ఫిన్ అనుమతులు సులువు చేశారు. అయినా మమ్మల్ని పారాసెటమాల్ చీటీతో పంపారు. జిల్లాల్లో ఉపశమన చికిత్సా కేంద్రాలు పెట్టారు. డిశ్చార్జి కాగితం మీద దగ్గరి కేంద్రం పేరు, ఫోను నంబరు రాసి ఇవ్వాలని ఆరోగ్యశాఖ ఆదేశించాలి.

— ఒక పాఠకురాలు, ఖమ్మం