అరకు తర్వాత కూడా రైలుంది తల్లీ

కోరాపుట్ (ఒడిశా),
కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడోనాడు.

చిట్టితల్లీ,

ఇక్కడ అందరం కులాసా. అమ్మమ్మ మోకాలి నొప్పి తగ్గి మళ్ళీ పెరటి అరుగు దాకా తనే నడుస్తోంది. చలి దిగింది, ఐదున్నరకే తలుపులు వేసుకుంటున్నాం. పెద్దత్తయ్య రెండు కిలోల కాలాజీరా బియ్యం పంపింది. నువ్వొచ్చేదాకా సంచి విప్పనని మీ అమ్మ పైఅరలో పెట్టేసింది.

మొన్న బాబ్జీ వచ్చి, అరకు స్టేషన్లో నిన్ను చూశానన్నాడు. రైల్లో ఆ అద్దాల పెట్టె (విస్టాడోమ్) దిగి స్నేహితులతో ఫొటో తీయించుకుంటున్నావట, పిలిచేలోపే జీపెక్కేశారట. వాడికి ఈమధ్యే కళ్ళజోడు మారింది, ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో అన్నాను మీ అమ్మతో. సరే, ఆ మాట ఉంచు.

నీ స్నేహితులకి మన రైలు లైను సంగతి సరిగ్గా తెలియదేమో, చెబుదువుగాని అని రాస్తున్నాను. అరకు కోసం వేసిన లైను కాదది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకి దింపి జపానుకి పంపడానికి 1960లలో కొండలు తొలిచి వేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా 58 సొరంగాలు. బొడ్డవర దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది, 60 మీటర్లు ముందుకి పోతే ఒక మీటరు పైకి. అలా ఎక్కి ఎక్కి శిమిలిగుడలో 996 మీటర్ల ఎత్తు అందుకుంటుంది. కాశ్మీరు లైను రాకముందు దేశంలో బ్రాడ్‌గేజి మీద అంతకన్నా ఎత్తైన స్టేషను లేదు. 2017లో అద్దాల పెట్టె తగిలించినప్పటి నుంచి జనమంతా అరకులో దిగిపోయి, రైలు అక్కడికే ఆఖరనుకుంటున్నారు. అదే రైలు ఇంకో రెండు మూడు గంటల్లో మన ఊరొస్తుంది.

అద్దాల పెట్టె బాగుండదని కాదు. సీటు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, పైకప్పు అద్దంలోంచి కొండ మొత్తం కనిపిస్తుంది. కానీ అది ఏసీ పెట్టె, కిటికీ తెరవడానికి లేదు. సొరంగంలో తడి రాయి వాసన, చిమిడిపల్లి దగ్గర చల్లగాలి మామూలు పెట్టెలోనే తగులుతాయి. వచ్చేటప్పుడు కుడిచేతి కిటికీ చూసుకో, లోయ ఎక్కువగా అటే. షట్టరు ఎత్తాక కింది రెండు గొళ్ళేలూ గాడిలో పడ్డాయో లేదో చేత్తో నొక్కి చూడు. ఒకటే పడితే వంపులో కుదుపుకి షట్టరు జారి వేళ్ళ మీద పడుతుంది. సొరంగం వస్తుంటే చెయ్యి బయట పెట్టకు, గోడ చాలా దగ్గరగా ఉంటుంది. తలుపు దగ్గర నిలబడి ఫొటోలు అసలు వద్దు. బాబ్జీ తలుపు సంగతేమీ చెప్పలేదులే, నేనే చెబుతున్నాను.

టికెట్టు సంగతి. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. కార్తీక మాసంలో, సంక్రాంతికి అద్దాల పెట్టె సీట్లు తెరిచిన రోజే అయిపోతాయి. ఫోన్లో తీసిన టికెట్టు చార్టు వేశాక కూడా మొత్తం వెయిటింగులోనే ఉంటే దానంతటదే రద్దయిపోతుంది, దాన్ని పట్టుకుని ఎక్కకూడదు. టికెట్టు అరకు దాకా కాకుండా కోరాపుట్ దాకా తియ్యి, కోడు కె ఆర్ పి యు. అరకు దాకానే తీస్తే అక్కడ దిగి కౌంటరు దగ్గరికి పరుగెత్తాలి, ఆ జనంలో రైలు కదిలిపోతుంది.

స్టేషను పేరు కూడా చూసుకుని దిగాలి. విజయనగరం వియ్యంకుడుగారి సంగతి నీకు చెప్పానో లేదో. కొడుకు సునాబేడలో ఇల్లు కట్టుకుంటే, గృహప్రవేశానికి ముందురోజు ఆవకాయ జాడీ, చీరల పెట్టె పట్టుకుని కొత్తవలసలో పాసింజరు ఎక్కారాయన. సెమిలిగుడ నుంచి సునాబేడ పక్కనేనని ఎవరో చెప్పారట. అది నిజమే, కానీ ఆ సెమిలిగుడ మన కోరాపుట్ జిల్లాలో ఉన్న ఊరు. ఈయన అరకుకి ముందొచ్చే శిమిలిగుడ బోర్డు చూసి, ఒక్క అక్షరం తేడాయే కదా అని దిగిపోయారు. రైలు వెళ్ళిపోయింది. చుట్టూ కొండ, అడవి, ఈదురుగాలి. పాయింట్స్‌మన్‌ని సునాబేడకి ఆటో ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఆయన పాపం జాడీ తను అందుకుని, రోడ్డు దాకా తోడొచ్చి జీపెక్కించాడట. అరకు చేరేసరికి రైలు లేదు. అక్కడి నుంచి ఇంకో జీపులో పాడువా, పాడువా నుంచి బస్సులో నందపూర్, అక్కడి నుంచి సెమిలిగుడ. సునాబేడలో ఇంటి గుమ్మం తొక్కేసరికి రాత్రి ఎనిమిదిన్నర. అందరూ కోరాపుట్ స్టేషన్లో ఆయన కోసం వెతుకుతున్నారు. ఆవకాయ నూనె కారి రెండు చీరలు పోయాయి. వదినగారు ఇప్పటికీ ఆ చీరల మాటే ఎత్తుతుంది. సునాబేడ వెళ్ళాలన్నా, మనింటికి రావాలన్నా కోరాపుట్‌లోనే దిగాలి.

దారిలో ఆలస్యమైతే కంగారుపడకు. రెండో లైను పని ఇంకా సాగుతోంది, ఒంటి లైను ఉన్నచోట ఎదురుగా గూడ్సు వస్తుంటే పాసింజరు స్టేషన్లో పక్క పట్టాల మీద, అంటే లూపులో, ఆగాల్సిందే. ఖనిజం నింపుకుని ఘాట్ దిగే గూడ్సు పక్క నుంచి పోతే బ్రేకులు వేడెక్కిన వాసన వస్తుంది, అది మామూలే. వానల్లో మాత్రం రాళ్ళు జారిపడి రైలు మధ్యలోనే ఆపేసిన సందర్భాలున్నాయి. బయల్దేరే ముందు 139కి ఫోను చేసి కనుక్కో. విశాఖలో రైలు ఉదయం ఏడు కాకముందే కదులుతుంది, కాబట్టి ముందురాత్రే పులిహోర కలుపుకో. అరకు దాటాక రైల్లో తినడానికి పెద్దగా ఏమీ దొరకదు. నీళ్ళు రెండు సీసాలు.

అరకు దాటాక పెట్టెలు ఖాళీ అవుతాయి. పాడువా వైపు ఈ నెలంతా వలిసె పూలే, పట్టాల పక్క నుంచి కొండ మొదలు దాకా పసుపుపచ్చగా పరుచుకుని ఉంటాయి. అరకులో ఆ పూల మధ్య ఫొటోకి డబ్బులు తీసుకుంటారట. ఇక్కడ ఏ కిటికీలోంచి చూసినా కనిపిస్తాయి. నీ స్నేహితుల్ని కూడా తీసుకురా, నలుగురైనా ఐదుగురైనా పడక సర్దుతాం. తిరుగు ప్రయాణానికి రాత్రి ఎక్స్‌ప్రెస్ ఉంది, పడుకుని లేచేసరికి విశాఖలో ఉంటారు. సెలవు పెట్టక్కర్లేదు.

మొన్న వచ్చింది నువ్వే అయినా నేనేమీ అనను. రెండు గంటల దూరం దాకా వచ్చి తిరిగెళ్ళిపోయావేమోనని మీ అమ్మ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు, అంతే.

పాడువా దాటాక ఏ పెట్టెలో ఉన్నావో ఫోను చెయ్యి. సిగ్నలు అందకపోతే వదిలెయ్యి, నేను ప్లాటుఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా చూస్తాను. నీ ఆకుపచ్చ స్వెట్టరు అమ్మ ఉతికి ఎండబెట్టింది, స్టేషనుకి తెస్తాను.

మీ నాన్న